స్వేచ్ఛా మార్కెట్ గురించి మా ఊరి రైతులకు తేలిగ్గా ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆదివారాలు గ్రంథాలయంలో కొంతమందిమి కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటాం. ఈసారి స్వేచ్ఛా మార్కెట్ మీద, అంటే సర్కారు అడ్డు లేకుండా కొనేవాళ్లూ అమ్మేవాళ్లే రేటు తేల్చుకునే పద్ధతి మీద, నాలుగు పేజీలు రాసే పని నాకు అప్పజెప్పారు. డిగ్రీలో చదివిన ఎకనామిక్స్ భాషలో రాస్తే రెండో పేజీ ఎవరూ తిప్పరు.

ధరే సమాచారం మోసుకొస్తుందని ఆర్థికవేత్త హయెక్ 1945లో చెప్పిన దగ్గర మొదలుపెట్టాను. అంబాజీపేటలో కొబ్బరి రేటు పెరిగిందంటే తమిళనాడులో కాపు తగ్గిందా, ఉత్తరాదిలో పండగ గిరాకీయా అన్నది మనకు తెలియక్కర్లేదు. కాయ దింపాలో ఆగాలో రేటే చెప్పేస్తుంది. ఇది అందరికీ ఎక్కుతుంది.

చిక్కంతా వరి దగ్గరే. 2011లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని సార్వా (ఖరీఫ్) వరి మానేశారు కదా. అదీ మార్కెట్ సంకేతమే అని రాస్తే, "అయితే మద్దతు ధర తీసేయమంటావేంట్రా?" అని మా పెద్దాళ్లు మీద పడతారు. 2023 జూలైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు, రేటొచ్చే వేళకి అడ్డుపడ్డారని విసుక్కున్నదీ వాళ్లే!

మద్దతు ధర ఉండాలి, ఎగుమతికి మాత్రం అడ్డు రాకూడదు అనే ఈ రెండిటినీ కలిపి, ఎవరినీ నొప్పించకుండా ఎలా రాయాలి? 1959లో, స్వేచ్ఛా మార్కెట్‌ని సమర్థించిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడైన ఎన్.జి. రంగా గారు రైతులకు ఈ వాదన ఎలా వినిపించేవారో తెలిసినవాళ్లు చెప్పగలరా? ఇంకోటి, కోత కాగానే అప్పిచ్చినవాడికే ధాన్యం కొలిచే కౌలు రైతుకి "నచ్చినచోట అమ్ముకునే స్వేచ్ఛ" అని చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది. అక్కడ మీరైతే ఏం రాస్తారు?