జెనెటిక్ కౌన్సెలింగ్ పీజీ: 10 లక్షల్లోపు ఎక్కడ చేరితే మంచిది?

ఈ ఏడాది హైదరాబాద్‌లో జెనెటిక్స్‌తో బీఎస్సీ పూర్తయింది, 78 శాతం. జెనెటిక్ కౌన్సెలింగ్‌లోనే పీజీ చేయాలని ఉంది. మన దగ్గర మేనరికాలు ఎక్కువ. తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తవ్యాధి) ఉన్న కుటుంబానికి రిపోర్టు చేతికిచ్చి పంపడమే తప్ప, తర్వాతి బిడ్డకు రిస్కు ఎంతో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు చాలా తక్కువ. హాస్టల్‌తో కలిపి నా బడ్జెట్ 10 లక్షలు, అందులో సగం ఎడ్యుకేషన్ లోన్ ద్వారానే.

అమెరికా ఫీజు నాకు అందదు. కన్సల్టెన్సీవాళ్లు బయోటెక్నాలజీ ఎమ్మెస్‌కి వెళ్లమంటున్నారు. కానీ అక్కడ కౌన్సెలర్ సర్టిఫికేషన్ పరీక్ష రాయాలంటే ఏసీజీసీ (అక్కడ ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న జెనెటిక్ కౌన్సెలింగ్ కోర్సే చదవాలి, కాబట్టి ఆ దారి నాకు పనికిరాదు.

ఇక్కడ మణిపాల్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ ఉందని తెలుసు. వేరే కాలేజీలు కొన్నింటికి మెయిల్ పెట్టాను: పాసైనవాళ్లు ఎక్కడ పనిచేస్తున్నారు, ఆసుపత్రి పోస్టింగ్ ఎన్ని నెలలు, కౌన్సెలింగ్ సెషన్‌లో విద్యార్థిని కూర్చోనిస్తారా అని. బదులుగా బ్రోచర్ వచ్చింది. ఫోన్ చేస్తే అడ్మిషన్ ఫీజు ఎప్పుడు కడతారని అడిగారు. లింక్డ్‌ఇన్‌లో వెతికితే ఈ కోర్సు చేసినవాళ్లలో కొందరు ల్యాబుల తరఫున టెస్టులు ప్రమోట్ చేసే ఉద్యోగాల్లో కనిపించారు. నాకు కావాల్సింది పేషెంట్లతో నేరుగా మాట్లాడే పని. అప్లికేషన్ల గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

ఈ మూడు నాలుగేళ్లలో మన దేశంలో ఈ కోర్సు చేసినవాళ్లు దయచేసి చెప్పండి: 10 లక్షల్లోపు పూర్తయి, పేషెంట్లకు కౌన్సెలింగ్ ఇచ్చే ఉద్యోగం నిజంగా వస్తున్న కాలేజీ ఏది?