పదకొండు కోర్సుల టేస్టింగ్ మెనూకి వెళ్తున్నాము: ముందుగా ఏం చెప్పాలి?

ప్రశ్న (విజయనగరం నుంచి)

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, మా పెళ్ళయి ముప్పై ఏళ్ళు నిండుతున్న సందర్భంగా అక్కడి ఒక పెద్ద రెస్టారెంటులో మా ఇద్దరికీ టేస్టింగ్ మెనూ బుక్ చేసి, డబ్బు కూడా ముందే కట్టేశాడు. పదకొండు కోర్సులట, అంటే ఒకదాని తరువాత ఒకటిగా తెచ్చే పదకొండు చిన్న వడ్డనలట, రాత్రి ఎనిమిదికి మొదలై పదిన్నర దాకా సాగుతుందట, మనం ఎంచుకోవలసింది ఏమీ ఉండదట. మేము శాకాహారులము. మా ఆవిడ పుట్టగొడుగులు ముట్టదు. నాకు మధుమేహం ఉండటం వల్ల ఏడున్నరకల్లా రెండు పుల్కాలు తినేయడం అలవాటు. వెడల్పాటి పళ్ళెం మధ్యలో ఉసిరికాయంత పదార్థం ఉన్న ఫొటోలు చూసి, గదికి తిరిగొచ్చాక పెరుగన్నం కలుపుకోవాలేమో అని మా ఆవిడ ఇప్పటి నుంచే అంటోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (శ్రీకాకుళం నుంచి)

కడుపు నిండుతుందండీ, ఆ బెంగ అక్కరలేదు. ఒక్కో కోర్సు రెండు మూడు ముద్దలే అయినా, రెండున్నర గంటలు నెమ్మదిగా తినడం వల్ల ఎనిమిదో కోర్సుకే నాకు చాలనిపించింది. మొదట్లో వెన్నతో వచ్చే వేడి బ్రెడ్డును చూసి ఆశపడితే మాత్రం చివరి కోర్సులు వృథా.

కిందటి ఏడాది మా అమ్మాయి ముంబైలో ఇలాంటి భోజనానికి తీసుకెళ్ళింది. అందులో ఒకటి ఇప్పటికీ నాలుక మీద ఉంది. పండిన టమాటాలను చిదిపి, పల్చటి గుడ్డలో మూటగట్టి, రాత్రంతా వేలాడదీస్తే చుక్కచుక్కగా దిగిన నీరది. చూడటానికి మంచినీళ్ళలా ఉంటుంది. కోడిగుడ్డంత గిన్నెలో పోసి, పైన రెండు చుక్కలు కరివేపాకు నూనె వేశారు. మూడు గుటకల్లో అయిపోయింది గాని, మా అమ్మ కాచిన చారు మీద తేట ఒక్కటే ఎవరో తీసి తెచ్చి ఇచ్చినట్టనిపించింది.

ఒక చేదు అనుభవం కూడా చెప్పాలి. మేము శాకాహారులమని ముందే చెప్పినా, రెండో కోర్సులో వచ్చిన సూపును ఎండుచేప వేసి కాచారని వడ్డించే అబ్బాయి వివరిస్తుంటే తెలిసింది. క్షమాపణ చెప్పి వెంటనే మార్చారు, కాని మా ఆవిడ ఆ తరువాత దేన్నీ నిశ్చింతగా తినలేకపోయింది.

జవాబు 2 (రాజాం నుంచి)

నేను పన్నెండేళ్ళు స్టార్ హోటళ్ళ వంటగదుల్లో పనిచేసి, ఇప్పుడు ఇక్కడ సొంత టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. పై మిత్రునికి ఎదురైన పొరపాటు జరగకుండా ఉండాలంటే, శాకాహారం అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, ఏవేవి తినరో విడివిడిగా రాసి కనీసం మూడు రోజుల ముందు మెయిల్ పంపండి. జపాన్ పద్ధతి సూపులకు ఆధారమైన దాషీని సాధారణంగా సముద్రపు నాచు, ఎండబెట్టిన బొనిటో చేప కలిపి కాస్తారు. పార్మెజాన్ చీజ్ తయారీలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. తీపి పదార్థాలు గట్టిపడటానికి వేసే జెలటిన్ జంతువుల తోలు, ఎముకల నుంచి వస్తుంది. దాని బదులు నాచు నుంచి తీసే అగర్ వాడవచ్చు, కాని ముందు చెబితేనే అది సాధ్యం. ఈ భోజనంలో ప్రతి పళ్ళేనికీ సరుకు లెక్కగట్టి, సగం పని ముందురోజే చేసిపెడతారు కనుక, బల్ల దగ్గర కూర్చున్నాక చెబితే వాళ్ళు చేయగలిగేది ఆ పదార్థాన్ని తీసేయడం మాత్రమే.

మధుమేహం సంగతి ఇంకా ముఖ్యం. అన్నమో రొట్టెలో లాంటివి మొదలుపెట్టిన గంటకు గాని రాకపోవచ్చు కనుక, మాత్ర గాని ఇన్సులిన్ గాని ఎప్పుడు తీసుకోవాలో మీ డాక్టరును ముందే అడగండి. నాలుకను తేటపరచడానికని మధ్యలో ఇచ్చే సోర్బే చూడటానికి పుల్లని మంచు ముద్దే అయినా, అందులో పంచదార చాలా ఉంటుంది.

బిల్లులో సర్వీస్ చార్జి విడిగా వేశారేమో మీ అబ్బాయిని చూడమనండి. దాన్ని తప్పనిసరిగా వసూలు చేయకూడదని వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది.

జవాబు 3 (పలాస నుంచి)

అందరూ మెచ్చుకుంటున్నారు కనుక నా అభ్యంతరం కూడా నమోదు చేస్తాను. మన విస్తరిలో పప్పు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, పులుసు, అప్పడం అన్నీ కళ్ళ ముందు ఉంటాయి. దేని తరువాత ఏది కలుపుకోవాలో తినేవాడి ఇష్టం. ఆ స్వేచ్ఛను వంటవాడికి అప్పగించి, దానికి వేలు చెల్లించడం నాకు వింతగా ఉంటుంది. అన్నీ ఒకేసారి బల్ల మీద పరచడం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ విందుల్లోనూ ఉండేది. ఒకదాని తరువాత ఒకటి తెచ్చే రష్యన్ వడ్డన అక్కడ 19వ శతాబ్దంలో గాని స్థిరపడలేదు. పైగా అక్కడ మారు వడ్డించరు. మారు లేని భోజనం నా దృష్టిలో విందు కాదు.

జవాబు 4 (రాజాం నుంచి)

మారు విషయంలో మీతో ఏకీభవిస్తాను. లెక్కగట్టి చేసిన పళ్ళేలు కనుక బ్రెడ్డు తప్ప ఇంకేదీ రెండోసారి దొరకదు. ఇక వరుస మాటకొస్తే, మన పెళ్ళి బంతిలో కూడా చారు తరువాత మళ్ళీ పప్పన్నం ఎవరూ కలపరు కదా.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాజాం వారు చెప్పినట్టే అన్నీ వివరంగా మెయిల్ రాశాము. పుట్టగొడుగులున్న రెండు కోర్సులు మారుస్తామనీ, సోర్బే బదులు మజ్జిగతో చేసినది ఏదో ఇస్తామనీ, ఏడు గంటలకే రమ్మనీ జవాబు వచ్చింది. డాక్టరు గారిని సోమవారం కలుస్తాను. మా ఆవిడ మాత్రం ఆ రోజు ఉదయమే పాలు తోడు పెట్టి ఉంచమని అబ్బాయికి ఫోను చేసి చెప్పేసింది.