ముక్కు దూలం కుంగిపోయింది, ల్యాబ్‌లో పెంచే కార్టిలేజ్ కోసం ఆగొచ్చా?

చంద్రగిరి ఆడబిడ్డ:

అందరికీ నమస్కారం. సంక్రాంతికి పక్క ఊళ్లో పశువుల పండుగకు పోయాడు మా తమ్ముడు. ఎద్దు కొమ్ములకు కట్టిన పలక లాగబోతే ఆ పలక అంచే ముక్కుకు తగిలింది. వాడికి 20 ఏళ్లు. చూపించిన చోట ఎక్స్‌రే తీసి, ఎముక విరగలేదని మాత్రలిచ్చి పంపారు. ముక్కులో లైటు వేసి ఎవరూ చూడలేదు. రెండు వైపులా మూసుకుపోయి నోటితో గాలి పీలుస్తుంటే వాపులే అనుకున్నాం. ఆరో రోజు జ్వరం వచ్చాక చీము తీశారు. ఇప్పటికి ఏడు నెలలు. దూలం మధ్యలో గుంట. కళ్లజోడు పెడితే జారి అందులోనే కూర్చుంటుంది. ఫొటో అంటే చాలు, పక్కకు తిరిగిపోతాడు.

పక్కటెముక దగ్గర కార్టిలేజ్ (చెవి డిప్పలో ఉండేలాంటి వంగే మృదులాస్థి) తీసి ముక్కులో పెడతామంటున్నారు. ముక్కు కోసం ఎద కోస్తారా అని అమ్మ ఒకటే ఏడుపు. స్విట్జర్లాండ్‌లో మనిషి సొంత కణాలతోనే కార్టిలేజ్ పెంచుతున్నారని చదివాను. రెండేళ్లు ఆగితే మనకూ వస్తుందా? ఆ రోజే లోపల చూడమని అడగలేదే అని నాకు నిద్ర పట్టడం లేదు.

ఈఎన్‌టీ వార్డు సిస్టర్, తిరుపతి:

అమ్మా, ముందు ఆ బాధ దించుకో. కార్టిలేజ్‌కి సొంత రక్తనాళాలు ఉండవు. పైన అంటుకున్న పల్చటి పొర నుంచే దానికి తిండి. దెబ్బకు ఆ పొర కింద రక్తం చేరితే తిండి ఆగిపోయి రెండు మూడు రోజుల్లోనే కార్టిలేజ్ చావడం మొదలవుతుంది. ఎక్స్‌రేలో అది కనబడదు. ఇది చదివే అందరికీ చెబుతున్నా: ముక్కుకు దెబ్బ తగిలి రెండు వైపులా గాలి ఆడకపోతే అదే రోజు లోపల చూపించండి.

నువ్వు చదివింది నిజమే. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ యూనివర్సిటీ వాళ్లు 2014లో ప్రచురించారు. ముక్కు మధ్య గోడ నుంచి 6 మిల్లీమీటర్ల ముక్క తీసి, కణాలను రోగి సొంత సీరంతో (రక్తం గడ్డకట్టాక తేలే నీటితో) పెంచి, కొలాజెన్ పొర మీద వేసి, సుమారు నాలుగు వారాల్లో 2 మిల్లీమీటర్ల మందం బిళ్ల తయారు చేశారు. పెట్టింది ఐదుగురికే, అందరూ 75 దాటిన వాళ్లు, చర్మ క్యాన్సర్ తీసేశాక పోయిన ముక్కుపుటాలకు. పైన కప్పింది నుదుటి చర్మంతోనో, ముక్కు పక్క చెంప చర్మంతోనో. ఆ నుదుటి చర్మం పద్ధతి మన దేశానిదే, 1794లో లండన్ పత్రికలో అచ్చయింది, అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 2016లో ముక్కు కణాలతోనే పదిమంది మోకాళ్లు బాగుచేసి చూశారు.

కానీ మీ తమ్ముడిది ముక్కుపుటం కాదు, దూలం. ఇంటికి వాసం లాగా బరువు మోయాలి. ఆ పల్చటి బిళ్ల ఆ పని చేయలేదు. పక్కటెముక కార్టిలేజ్ గట్టిది, కావలసినంత దొరుకుతుంది. ఆగొద్దు. స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో ముక్కు లేస్తుందని ఎవరన్నా చెబితే రూపాయి కూడా ఇవ్వకు.

చిత్తూరు మామిడితోట:

అక్కా, నాకు చేసింది అదే ఆపరేషన్, బైక్ మీద నుంచి పడ్డాక. మీ అమ్మగారికి ఇది చెప్పండి: ఎద కోయరు. రొమ్ము కింద మడతలో బొటనవేలంత గాటు, అంతే. నిజం చెప్పాలంటే ముక్కు కన్నా అక్కడే నొప్పి. పది రోజులు దగ్గు వస్తే దిండు అదుముకునేవాణ్ణి.

ఒక్కటి అడగండి, ముక్క వంగకుండా ఏం చేస్తారని. చెక్కిన పక్కటెముక కార్టిలేజ్ పచ్చి కర్రలాగా వంగుతుంది. మా డాక్టరుగారు నడిమి భాగంలోంచే చెక్కి, సెలైన్‌లో కాసేపు నానేసి, వంపు తేలాకే పెట్టారట. వయసు మళ్లితే అది సున్నంలా గట్టిపడి చెక్కడం కష్టమవుతుంది. 20 ఏళ్లంటే మంచి వయసు.

చంద్రగిరి ఆడబిడ్డ:

సిస్టర్, తమ్ముడూ, మీ ఇద్దరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. దిండు సంగతి రెండుసార్లు అడిగింది. నిన్న వెళ్లి వంపు గురించి అడిగాం, డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. దెబ్బ తగలకముందు పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి తెమ్మన్నారు. తిరుచానూరు పంచమి తీర్థంలో తీసినది ఉంది. ఫోన్‌లో వెతికి ఇచ్చింది వాడే.