ఇస్త్రీ కవరింగ్: రాత్రి నున్నగా ఉన్న రెక్క, పొద్దున ఎండలో ముడతలు

కొత్తరెక్క:

అందరికీ నమస్కారం. ఇది నేను చేత్తో కట్టిన రెండో మోడల్ విమానం. రెక్క 1.5 మీటర్లు. బాల్సా (తేలికపాటి చెక్క) రిబ్బులు, అంటే రెక్కకి అడ్డ పలకలు; ముందువైపు స్పార్ (రెక్క పొడుగునా ఉండే దూలం) దాకా 1.5 మి.మీ. షీటింగ్, అంటే పలచని చెక్క తొడుగు; వెనకంతా రిబ్బుల మధ్య ఖాళీ గళ్లు. కవరింగ్‌కి ఒరాకవర్ (ఇస్త్రీతో అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్) వాడాను, పైన పసుపు, కింద ముదురు నీలం.

శనివారం రాత్రి హీట్ గన్ (వేడిగాలి ఊదేది) పక్కన పెట్టేసరికి రెక్క మీద ట్యూబ్‌లైటు గీత గీసినట్టు తిన్నగా కనబడింది. ఆదివారం పొద్దున గడ్డి మీద పెట్టి బ్యాటరీ బిగించుకుంటున్నాను. పది నిమిషాలు కూడా కాలేదు, వెనక గళ్లన్నిట్లో ముడతలు లేచాయి. ట్రెయిలింగ్ ఎడ్జ్ (రెక్క వెనక అంచు) నుంచి రిబ్బు వైపు ఏటవాలుగా ఉన్నాయి. షీటింగ్ మీద చిటికెనవేలి గోరంత బుడగలు. ఇంటికొచ్చి మళ్లీ వేడి పట్టాను, పోయాయి. తర్వాతి వారం ఎండలో మళ్లీ వచ్చాయి. మూడోసారి వేడి పెంచితే ఒక గడిలో చిల్లు పడింది, రెండు చోట్ల అంచు లేచింది. రెక్క కొన దగ్గర వంపులో ఐతే మొదటి రోజు నుంచీ మడతలే.

నేను చేసింది ఇది. వెనక కాగితం తీసి ఫిల్మ్ పరిచాను. లీడింగ్ ఎడ్జ్ (ముందు అంచు) ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఊపులో అంటించేశాను. తర్వాత గట్టిగా లాగి పట్టుకుని ట్రెయిలింగ్ ఎడ్జ్ అంటించాను. ఐరన్ డయల్ మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట ఉంది. వేడి చాలలేదా, ఎక్కువైందా? మొత్తం పీకేసి మళ్లీ వెయ్యాలా? రెక్క కట్టడానికి రెండు నెలలు పట్టింది, అందుకే చెయ్యి పెట్టే ముందు అడుగుతున్నాను.

బాల్సాపొడి:

కొత్తరెక్క గారూ, మీ రెక్క బాగానే ఉంది, బెంగ పెట్టుకోకండి. "ఐరన్ డయల్ మొదటి నుంచి చివరి దాకా ఒకే చోట" అన్నారు చూడండి, జవాబు అందులోనే ఉంది.

ముడత కనబడేది గడి మధ్యలో, పుట్టేది అంచులో. ఈ ఫిల్మ్‌కి రెండు గుణాలు ఉన్నాయి. కొంత వేడికి కింద ఉన్న జిగురు కరిగి చెక్కను పట్టుకుంటుంది. అంతకంటే బాగా ఎక్కువ వేడికి ఫిల్మ్ కుంచించుకుంటుంది. ఒరాకవర్‌కి సుమారు 100 డిగ్రీల దగ్గర జిగురు పట్టు మొదలవుతుంది, ఫిల్మ్ గట్టిగా కుంచించుకునేది 150 దగ్గర. మోనోకోట్ అనే ఇంకో ఫిల్మ్‌కి ఇంకాస్త వేడి కావాలి. సోలార్‌ఫిల్మ్ పాలీప్రొపిలీన్ కనక తక్కువ వేడి చాలు. ఏ రకమైనా ఈ రెండు వేడిల మధ్య ఉన్న ఖాళీలోనే మన పనంతా జరగాలి. మీరు అంచులు కూడా ఎక్కువ వేడితోనే అంటించి ఉంటారు. అక్కడ ఫిల్మ్ ముందే కుంచించుకుపోయింది. ఆ తర్వాత హీట్ గన్‌తో గళ్లు బిగిస్తుంటే ఆ వేడి అంచుకి తగిలి జిగురు మళ్లీ మెత్తబడింది, బిగువుకి ఫిల్మ్ లోపలికి జారింది. చల్లారాక చూస్తే నున్నగానే ఉంటుంది. ఎండకి కాస్త సాగిందంటే మాత్రం దాన్ని పట్టి ఉంచేది ఏమీ లేదు.

నేను దీన్ని కళ్లారా చూశాను. నా 2 మీటర్ల గ్లైడర్ రెక్కకి సరిగ్గా మీ లాగే మూడుసార్లు వేడి పట్టి, నాలుగోసారి విసిగిపోయి అంచు పీకాను. ట్రెయిలింగ్ ఎడ్జ్ చెక్క మీద జిగురు గీతలు గీతలుగా, కుంచెతో లాగినట్టు, లోపలి వైపుకి 2 మి.మీ. మేర కనిపించాయి. ఫిల్మ్ జారిన దారి అది. ఆ రోజు నుంచి అంచు మీద పెట్టినంత శ్రద్ధ గళ్ల మీద పెట్టను.

కాబట్టి ముందు ఒక పని చెయ్యండి. మిగిలిన బాల్సా ముక్క మీద ఫిల్మ్ పీలిక పెట్టి, ఐరన్ తక్కువ నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచండి. చల్లారాక గోటితో లాగినా రాకుండా అంటిన చోట డయల్ మీద పెన్నుతో ఒక గీత పెట్టండి. ఇంకా పెంచుతూ పోతే ఒకచోట పీలిక అంచు ముడుచుకోవడం మొదలవుతుంది. అక్కడ రెండో గీత. డయల్ మీద ఉన్న అంకెలను నమ్మకండి, ఒక్కో ఐరన్‌ది ఒక్కో తీరు. అంచులన్నీ మొదటి గీత మీదే. ఆ వేడితో రెక్క చుట్టూ పూర్తిగా అంటి, అంచు మడిచి, మిగులు కోసేశాకే రెండో గీత జోలికి వెళ్లండి.

లాగే పద్ధతి కూడా మార్చాలి. ఏటవాలు ముడతలకి సగం కారణం అదే. ఒక అంచు మొత్తం అంటించి రెండో అంచు లాగితే బిగువంతా ఒకవైపే పడుతుంది. నులకమంచం అల్లేటప్పుడు ఒకవైపే బిగించుకుంటూ పోతే పట్టె వంకర పోతుంది కదా, ఇదీ అంతే. ముందుగా రెక్క మొదట్లో (విమానం ఒంటికి తగిలే వైపు) మధ్యన ఒక చుక్క అంటించండి, తర్వాత కొన దగ్గర మధ్యన ఒకటి. పొడుగునా బిగువు వచ్చింది. ఇప్పుడు లీడింగ్ ఎడ్జ్ మధ్యలో ఒక చుక్క, దానికి ఎదురుగా ట్రెయిలింగ్ ఎడ్జ్ మీద ఇంకొకటి. ఆ తర్వాత ఎప్పుడూ రెండు చుక్కల నడిమికి, ఒకసారి ఇటు, ఒకసారి అటు. చేత్తో గట్టిగా లాగక్కర్లేదు, వేళ్ల కొసలతో మడత పోయేంత చాలు. మిగతా బిగువు వేడి ఇస్తుంది.

రెక్క కొనకి చుట్టూ కనీసం 8 సెం.మీ. ఫిల్మ్ మిగుల్చుకోండి, పట్టుకోవడానికి. ఇక్కడ మాత్రం వేడి రెండో గీతకి దగ్గరగా పెంచాలి, ఎందుకంటే ఫిల్మ్ వేడిగా ఉన్నప్పుడే సాగుతుంది. ఎడమ చేతికి నూలు గ్లవ్ వేసుకుని, ఫిల్మ్‌ని బయటికీ కిందికీ లాగుతూ, ఐరన్ మడమని వంపు మీద నెమ్మదిగా దొర్లించండి. ఒక్క మడతకి ఒక్క లాగుడు. రెండు మడతలు కలిపి ఒకేసారి తీయబోతే అవి మూడవుతాయి.

చివరికి హీట్ గన్. గడి మధ్య నుంచి మొదలుపెట్టి తిప్పుతూ ఉండాలి, ఒకచోట ఆపకూడదు. అతుకుల మీద తడిగుడ్డ పెట్టుకుంటే జిగురు మెత్తబడదు. చిల్లు పడిన గడిని అతుకు వెయ్యకండి, ఆ వైపు మొత్తం మార్చండి.

గాలివాటం:

బాల్సాపొడి గారు అంచుల గురించి చెప్పింది అక్షరాలా నిజం. కానీ షీటింగ్ మీద బుడగలకి అది కారణం కాదు, అందుకే ఈ నాలుగు మాటలు.

బుడగ అంటే గాలి. షీటింగ్ అంచులు ముందు అంటించేస్తే లోపలి గాలికి దారి ఉండదు. ఎండకి అది ఉబ్బి ఫిల్మ్‌ని లేపుతుంది. షీటింగ్ మీద ఎప్పుడూ మధ్య నుంచి బయటికి రుద్దుకుంటూ రావాలి. ఐరన్ జరిగిన వెంటనే వెనకాల మడిచిన నూలుగుడ్డతో చల్లారేదాకా నొక్కాలి. నేను కుడిచేత్తో ఐరన్, ఎడమచేత్తో గుడ్డ, రెండూ ఒకదాని వెంట ఒకటి నడిపిస్తాను. దానికి ముందు 320 గరుకు కాగితంతో రుద్ది, ధూళి పూర్తిగా తీసెయ్యాలి. చేత్తో తుడిస్తే పోదు. వాక్యూమ్ పట్టి, ఆ తర్వాత జిగట గుడ్డతో ఒకసారి తుడవండి. సన్నని బాల్సా పొడి మిగిలితే జిగురు చెక్కని కాకుండా ఆ పొడిని పట్టుకుంటుంది. ఉన్న బుడగలకి సన్నని సూదితో ఏటవాలుగా ఒక పోటు పొడిచి, మొదటి గీత వేడితో నొక్కితే చాలావరకు దిగిపోతాయి.

ఇంకొకటి అడగాలి. మీ రిబ్బులకి గాలి వెళ్లే చిల్లులున్నాయా? లేకపోతే పైనా కిందా ఫిల్మ్ వేశాక ఒక్కో గడి మూత పెట్టిన డబ్బా అవుతుంది. హీట్ గన్ పట్టినప్పుడు లోపలి గాలి ఉబ్బి ఫిల్మ్‌ని బయటికి తోస్తుంది, బిగువు సరిగ్గా కుదరదు. మొదటి గ్లైడర్‌కి నేను ఆ చిల్లులు పెట్టలేదు, హీట్ గన్ పట్టగానే గళ్లు దిండ్లలా లేచాయి. తర్వాత ప్రతి గడికీ కింది వైపు ఒక సూది పోటు పెట్టాక కుదుటపడింది.

తేమ సంగతి కూడా చూసుకోండి. బాల్సా చెక్క తేమకి నారకి అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే కుదించుకుంటుంది. నార వెంట నిలువుగా పెద్దగా మారదు. ముసురు పట్టిన రోజుల్లో కవరింగ్ వేస్తే, చెక్క ఆరాక షీటింగ్ మీద పొడుగునా సన్నని గీతల్లాంటి ముడతలు వస్తాయి. రెక్కని రెండు మూడు రోజులు పొడి గదిలో ఉంచి అప్పుడు మొదలుపెట్టండి.

కొత్తరెక్క:

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి ట్రెయిలింగ్ ఎడ్జ్ పీకి చూశాను. బాల్సాపొడి గారు చెప్పిన గీతలు ఉన్నాయి, దాదాపు 3 మి.మీ. చూడగానే అంతా అర్థమైంది. ముక్క మీద పరీక్షిస్తే నేను వాడిన డయల్ స్థానం రెండో గీత కంటే పైనే ఉంది. రిబ్బులకి చిల్లులు ఉన్నాయి కానీ చివరి రెండు గళ్లకి లేవు. వింతేమిటంటే ఎక్కువ ఉబ్బింది ఆ రెండే.

ఫిల్మ్ పీకితే చెక్క మీద జిగురు మిగిలిపోతోంది. అది మొత్తం తియ్యాలా? ఇంకో ప్రశ్న, ముందు కింద నీలం వేసి తర్వాత పైన పసుపు వేస్తే, అతుకు దగ్గర నీలం పసుపులోంచి కనబడుతోంది. వరస మార్చాలా?

బాల్సాపొడి:

పలచగా మిగిలిన జిగురు కొత్త ఫిల్మ్‌కి అడ్డం కాదు. గడ్డలుగా ఉన్నచోట మాత్రం తీసెయ్యండి, లేకపోతే పైకి తెలుస్తుంది. పీకేటప్పుడు కాస్త వేడి చేసి, ఫిల్మ్‌ని దాని మీదకే వెనక్కి మడిచి, రెక్కకి ఆనించినట్టు మెల్లగా లాగండి. పైకి లాగితే బాల్సా పెచ్చులు లేస్తాయి.

వరస మార్చకండి. ముందు కింద, తర్వాత పైన, అదే సరి. అతుకు చోటు మార్చండి. నీలం లీడింగ్ ఎడ్జ్ ముక్కు దాకా రాకుండా, కింది వైపే ఆగేలా కోసుకోండి. పసుపు ముక్కు చుట్టూ తిరిగి కిందికి వచ్చి నీలం మీద 5 మి.మీ. ఎక్కాలి. ఆ కాస్త నీడ కింది వైపే ఉంటుంది, పైనుంచి కనబడదు. కోసేటప్పుడు కొత్త బ్లేడు వాడండి, చెక్క మీద ఆనించి కోయకండి, స్పార్ మీద గాటు పడితే రెక్క అక్కడే విరుగుతుంది.

గాలివాటం:

పైవైపు బిగించేటప్పుడు మధ్య మధ్యలో రెక్కని చదునైన బల్ల మీద పెట్టి చూసుకోండి. ఒకవైపు మొత్తం బిగించేసి రెండో వైపుకి వెళ్తే రెక్క మెలి తిరుగుతుంది. మెలి వస్తే ఎదురు దిక్కుకి తిప్పి పట్టుకుని రెండువైపులా వేడి పట్టి, చల్లారేదాకా వదలకండి. ఇద్దరుంటే ఈ పని తేలిక, ఒకరు పట్టుకోవాలి, ఒకరు వేడి పట్టాలి.

కొత్తరెక్క:

ఎడమ రెక్క పూర్తయింది. చివరి రెండు గళ్లకి సూది పోట్లు పెట్టాను. మధ్యాహ్నం ఎండలో గంటన్నర ఉంచాను, గళ్లలో ఒక్క ముడత లేదు, వేలితో మీటితే మద్దెలలా పలికింది. కొన దగ్గర ఒక చిన్న మడత ఉండిపోయింది, రెండు సెం.మీ. ఉంటుంది. అది అంటిన చోట ఫిల్మ్ మీదకి ఫిల్మ్ వచ్చేసింది. కదిలించాలా, వదిలెయ్యాలా?

బాల్సాపొడి:

వదిలెయ్యండి. ఫిల్మ్ మీద ఫిల్మ్ అంటినచోట మళ్లీ వేడి పడితే మధ్యలో బుడగలు లేస్తాయి. కుడి రెక్క కొనకి మిగులు 8 కాదు, 12 సెం.మీ. పెట్టుకోండి.