అప్‌డేట్: ‘డెలివరీ అయింది’ అని చూపినా అందని చీర పార్సిల్

ట్రాకింగ్‌లో ‘డెలివరీ అయింది’ అని ఉన్నా చీర అందలేదంటున్న అనంతపురం కొనుగోలుదారుకు డబ్బు వాపసు ఇవ్వాలా అని కర్నూలు నుంచి ఇదివరకు అడిగాను. మీలో కొందరు సూచించినట్లు, వాపసుకు ముందే సంతకం, సమయం, లొకేషన్‌తో కూడిన డెలివరీ రుజువును కొరియర్ సంస్థ నుంచి రాతపూర్వకంగా కోరగా, సంతకం పక్కింటివారిదని, పార్సిల్ వారి వద్దే భద్రంగా ఉందని తేలింది. కొనుగోలుదారును మోసగత్తెగా చూడమన్న సలహాను (అదీ వచ్చింది) పాటించకపోవడమే మేలైంది. మార్కెట్‌ప్లేస్‌లో (పలువురు అమ్మకందారులుండే ఆన్‌లైన్ వేదికలో) అమ్మేవారు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నందున, విచారణ సాగుతోందని ఆమెకు ముందే సందేశం పంపాను. ఇకపై ఖరీదైన చీరలను ఓటీపీ చెబితేనే అప్పగించే స్పీడ్ పోస్టులో పంపుతాను. 2025 అక్టోబరు 1న వచ్చిన ఈ ఓటీపీ సౌకర్యానికి ఒక్కో పార్సిల్‌కు 5 రూపాయలు, జీఎస్టీ అదనం.