కార్బన్ స్టీల్ కత్తి మీద నల్లపొర: ఉంచాలా, తోమేయాలా?

కొత్తకత్తి: కొన్న కొద్ది రోజులకే కత్తి మీద బూడిదరంగు మరకలు, ఒకచోట నీలిఛాయ వచ్చాయి. ఇంట్లోవాళ్లు పీచుతో తోమేయమంటున్నారు. నాకేమో ఆ రంగు నచ్చింది. ఏం చేయమంటారు?

తళతళ: తోమేయండి. మరకల కత్తితో వంటేంటండీ? స్టెయిన్‌లెస్ కొనుక్కుంటే ఈ టెన్షనే ఉండదు.

సానరాయి: దయచేసి తోమకండి. ఎర్రగా వేలికి అంటేదే తుప్పు. అది పొలుసులుగా లేస్తుంది, సందుల్లోంచి తడి దిగి కింది ఉక్కును తింటూనే ఉంటుంది. మీ కత్తి మీదున్నదీ ఐరన్ ఆక్సైడే, కానీ ఉక్కును గట్టిగా పట్టుకుని ఉండి తుప్పును నెమ్మదింపజేస్తుంది. తోమితే మళ్లీ పచ్చి ఉక్కు బయటపడుతుంది. దాంతో ఉల్లిపాయ కోసి చూడండి: ముక్కల అంచులు నల్లబడతాయి, ఇనుము వాసన కొడుతుంది. పొర కుదిరాక ఆ బాధ బాగా తగ్గుతుంది.

ఇక స్టెయిన్‌లెస్ సంగతి. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే ఆ పేరు. మామూలు కార్బన్ స్టీల్లో క్రోమియం దాదాపు ఉండదు, అందుకే తుప్పు భయం. అందుకే సాన కూడా తేలిక. పదును పెడుతుంటే అంచు వెంట సన్నటి రేకు లేస్తుంది కదా, చవక స్టెయిన్‌లెస్ మీద అది ఎంతకీ ఊడదు. కార్బన్ స్టీల్‌కైతే రాయి మీద తేలిగ్గా రెండు మూడు సార్లు రాస్తే చాలు.

తళతళ: అయితే పొర ఉంటే తుప్పే పట్టదా?

సానరాయి: ఎందుకు పట్టదు? సింకులో తడిగా వదిలేస్తే ఏ పొరా ఆపలేదు. నిమ్మకాయ కోస్తే వెంటనే తుడవాలి. ఎర్రచుక్క కనిపిస్తే వంటసోడా ముద్దతో అక్కడి వరకే రుద్దండి.

పదును: ఇద్దరూ అంచును మర్చిపోయారు. సాన పెట్టిన ప్రతిసారీ అక్కడ కొత్త ఉక్కే, పొర నిలవదు. పులుపు ముందు దెబ్బతీసేది ఆ సన్నటి అంచునే. గుడ్డతో వెన్ను వైపు నుంచి అంచు వైపుకి తుడవండి. చాలాకాలం పక్కన పెట్టేస్తే పలచగా మినరల్ ఆయిల్ రాయండి, వంటనూనైతే జిగురు కడుతుంది.

తళతళ: ఎలాగూ ప్రతిసారీ తుడుస్తుంటే పొరతో పనేంటి? నా ఓటు పీచుకే.

సానరాయి: తుడవడం మరిచే రోజు ఎవరికైనా వస్తుందండీ, పొర ఆ రోజుకే. పైగా స్టీలు పీచు గీతలు పెడుతుంది, ఆ గీతల్లోనే తడి నిలిచేది.