ఊళ్లు ఖాళీ అవుతుంటే ఎక్కువమంది పిల్లల్ని కనమనడం పరిష్కారమేనా?

ఉద్దానం వాసి:
ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024 నవంబరులో ఎత్తేసింది. ఒకప్పుడు ఇద్దరు చాలన్న ప్రభుత్వాలే ఇప్పుడు జనాభా పెంచాలంటున్నాయి. మా శ్రీకాకుళం వైపు వీధికి నాలుగైదు ఇళ్లకు తాళాలే. పిల్లలు పుట్టక ఖాళీ అయిన ఊళ్లు కావివి. పుట్టినవాళ్లకు పని దొరక్క ఖాళీ అయ్యాయి. ఇంకొకరిని కంటే ఆ పిల్లాడూ హైదరాబాదో చెన్నయ్యో పోతాడు. మీరేమంటారు?

గోదారి గట్టు:
నేను ఒప్పుకోనండీ. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో సగటున ఒక్కో మహిళకు 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. వలస ఆగినా ఈ లోటు ఆగదు. రేపు ముసలివాళ్లను ఎవరు చూస్తారు? పైగా జనాభాను బట్టి లోక్‌సభ సీట్లు పంచితే, మాట విని కుటుంబ నియంత్రణ పాటించినందుకు మనమే నష్టపోతాం. ఆ నిబంధన తీసేయడం ఎప్పుడో జరగాల్సిన పని.

పల్లె బడి టీచర్:
నిబంధన తీసేయడం మంచిదే. కానీ కనమని ఎవరికి చెబుతున్నారు? అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. మగవాళ్లకు జరిగింది ఒక్క శాతం కూడా లేదు. పాతికేళ్లకే ఆపరేషన్ చేయించుకుని, వారం తిరక్కుండా కలుపు పనికి వెళ్లిన తల్లులు మా బడి పిల్లల ఇళ్లలో ఉన్నారు. వాళ్ల నడుం నొప్పి గురించి ఇన్నేళ్లలో అడిగినవాళ్లు లేరు.

బడి సంగతి కూడా చెప్పాలి. పిల్లలు తగ్గారని టీచర్లను తగ్గిస్తారు. ఒక్క టీచరు ఐదు తరగతులకు చెబుతుంటే, కాస్త డబ్బున్నవాళ్లు పిల్లల్ని టౌన్‌లో ప్రైవేటు బడికి మార్చేస్తారు. మిగిలేది కూలీల పిల్లలు. అప్పుడు సంఖ్య ఇంకా తగ్గిందంటారు.

మియాపూర్ మేస్త్రీ:
మాది విజయనగరం జిల్లా. సిటీకి వచ్చినవాళ్లంతా బాగుపడ్డారనుకోకండి. పొద్దున్నే టిఫిన్ క్యారియర్, తాపీ పట్టుకుని అడ్డా మీద నిలబడతాం. తొమ్మిది దాటినా ఎవరూ పిలవకపోతే ఆ రోజు కూలి లేనట్టే. రేషన్ బియ్యం ఇప్పుడు ఇక్కడా ఇస్తున్నారు, అది మేలు. 2019లో ముందు మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ఉన్నాయి. కానీ ఓటు ఊళ్లోనే, అమ్మ పింఛను ఊళ్లోనే. పిల్లల్ని ఇక్కడి బడిలో వేస్తే, బడి పిల్లల తల్లులకు ఆంధ్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు రాదు. అందుకే పిల్లలు అమ్మమ్మ దగ్గర, మేమిక్కడ.

2014లో చెన్నై మౌలివాక్కంలో భవనం కూలి 61 మంది పోయారు. వాళ్లలో మా జిల్లా, శ్రీకాకుళం జిల్లా కూలీలు ఎంతోమంది. మాకు కావలసింది మూడో బిడ్డ కాదు, ఉన్న ఇద్దరినీ మా దగ్గర పెట్టుకునే వీలు.

గోదారి గట్టు:
మేస్త్రీ గారూ, మీ మాట కాదనలేను. అయినా రెండూ వేర్వేరు సమస్యలే. మీ కష్టం తీరినా 1.7 అలాగే ఉంటుంది.

ఉద్దానం వాసి:
వేర్వేరు కావండీ. బిడ్డను ఎక్కడ పెంచాలో, ఎవరు చూస్తారో తెలియని జంట రెండోవాళ్లకే వెనకాడుతుంది. కోట్లు పెట్టి కనమనే ముందు ఆ డబ్బుతో అడ్డాల దగ్గర అంగన్‌వాడీలు, ఊళ్లో తరగతికో టీచరు ఇవ్వమని నా వాదన.

ఇంకోటి. జనాభా లెక్క 2027 ఫిబ్రవరిలో. సంక్రాంతికి వచ్చినవాళ్లు అప్పటికి తిరిగి వెళ్లిపోతారు, కాబట్టి మా ఊళ్లు కాగితం మీద ఇంకా చిన్నవవుతాయి. ఎక్కడినుంచి వచ్చారు, ఎందుకు వచ్చారు అని 2011లోనూ అడిగారు కానీ ఆ వివరాలు బయటికి రావడానికి ఏళ్లు పట్టింది. ఈసారి వాటినే ముందు ఇమ్మని అడగాలి. మేస్త్రీ గారూ, మీ అడ్డాలో షెడ్లలో ఉండేవాళ్ల పేర్లు కూడా రాయించేలా చూడండి.